బందీ ఎదుట బయటపడే ధర్మం

కేసముద్రం తెలుగు పంతులుకు అంతరిక్ష కథలెందుకని నవ్వకండి. మనవడు పట్టుబట్టగా 'బాటిల్‌స్టార్ గెలాక్టికా' ధారావాహికలో 2005 సెప్టెంబరు 23న ప్రసారమైన 'పెగాసస్' భాగం చూశాను.

సైలాన్లనే యంత్రజీవుల దాడిలో మానవజాతి దాదాపు నశించింది. మిగిలిన రెండు యుద్ధనౌకలు శూన్యంలో కలుసుకుంటాయి. ఆ ఆనందం క్షణికం. పెగాసస్ నౌకాధిపతి కెయిన్, ఆజ్ఞ పాటించని తన ఉపాధిపతినే కాల్చి చంపిన స్త్రీ. ఆమె చెరలో సైలాన్ బందీ చిత్రహింసల పాలైంది. గెలాక్టికాలోని మరో బందీపై పెగాసస్ అధికారి అత్యాచారానికి ఒడిగట్టగా, అడ్డుకున్న ఇద్దరి చేతిలో వాడు మరణిస్తాడు. కెయిన్ వారికి మరణదండన విధిస్తుంది. గెలాక్టికా అధిపతి అడామా తన విమానాలను పంపుతాడు. స్వజనమే ఎదురెదురుగా నిలువగా కథ ఆగుతుంది.

"శత్రువు మీద జాలేమిటి తాతయ్యా?" అన్నాడు మనవడు. మన బమ్మెర పోతన భాగవతం ప్రథమ స్కంధం చెప్పాను. నిద్రిస్తున్న ఉపపాండవులను చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెస్తే, విడిచిపెట్టమన్నది కన్నతల్లి ద్రౌపదే. తన కడుపుకోత కృపికి కలగరాదన్నది. చివరకు తల గొరిగి, శిరోమణిని తీసుకొని వెళ్ళగొట్టారు.

నేరానికి శిక్ష వద్దని కాదు. శిక్షకూ క్రౌర్యానికీ నడుమ గీతను చెరిపేసిన సైన్యానికి, బందీ తరువాత తనవారే శత్రువులవుతారు. అలా గెలిచి కాపాడుకొనేదేమిటి? మీరేమంటారు?