క్రికెట్టు క్రీడయు గురువుల ఋణమును

క్రికెట్టు ప్రసంగము నేడు మన యిండ్లలో నిత్యకృత్యమైనది. కాఫీ హోటళ్లలోను, రైలు పెట్టెలలోను, కచ్చేరీల వరండాలలోను నలుగురు గూడినంతనే యెవని సగటెంత, ఎవడెన్ని శతకములు గావించెను, ఎవడు గొప్పవాడు అను వాదము ప్రారంభమగుచున్నది. చేతిలోని ఫోనును తాకినచో నూఱేండ్ల లెక్కలు క్షణములో కన్నులయెదుట నిలుచుచున్నవి. ఇది మంచిదే. ఆటయం దాసక్తి గలుగుట జాతికి క్షేమకరము. అయినను ఈ ప్రసంగములందొక లోపము మాకు నానాటికి స్పష్టముగా గోచరించుచున్నది. ఎవరెన్ని పరుగులు తీసిరో యెల్లరకు దెలియును. తీయుట నేర్పినవారెవ్వరో తెలిసినవారు మిక్కిలి యరుదు. క్రీడాకారుని జీవితమును అంకెలతో ముగించి, గురువును లెక్కలోనికి రానీయని యీ యలవాటు చరిత్రకే కాక, నేడు బ్యాటు చేతబట్టుచున్న బాలబాలికలకును హానికరమని మా యభిప్రాయము. దానికి నిదర్శనములను జూపుదుము.

1936వ సంవత్సరము జూలై నెలలో మాంచెస్టరు నగరమున ఇంగ్లండుతో జరిగిన టెస్టు పోటీని జ్ఞప్తికి దెచ్చుకొందము. ఆ పోటీలో ఆడిన మన జట్టున తెలుగువారు మువ్వురు ప్రసిద్ధులు. నాయకుడు విజయనగరపు మహారాజకుమారుడు, లోకము విజ్జీ యని పిలిచిన దొర. రెండవవారు నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమున 1895లో జన్మించిన కొఠారి కనకయ్య నాయుడుగారు. మూడవవారు చెన్నపురి తెలుగు కుటుంబమునకు జెందిన కోట రామస్వామిగారు. ఆ పోటీయే రామస్వామిగారికి మొదటి టెస్టు. అప్పటికి వారి వయస్సు నలువది యేండ్లు. అంతకు బదునాలుగేండ్లకు ముందే 1922లో డేవిస్ కప్పు టెన్నిసు పోటీలలో హిందూదేశము పక్షమున ఆడిన వీరుడాయన.

ఇక అంకెలను జూతము. నాయుడుగారు ఏడు టెస్టులలో 350 పరుగులు తీసిరి, సగటు 25. రామస్వామిగారు రెండు టెస్టులలో 170 పరుగులు తీసిరి, సగటు 56.66. విజ్జీ మూడు టెస్టులలో 33 పరుగులు తీసెను, సగటు 8.25. అంకెలే న్యాయమూర్తులైనచో రామస్వామిగారు నాయుడుగారికంటె రెండింతలు మించిన యాటగాడని తీర్పు చెప్పవలసియుండును. రామస్వామిగారి ప్రతిభయందు మాకు గౌరవము కలదు. కాని యీ తీర్పును వారే మొదట త్రోసిపుచ్చియుందురని నమ్ముచున్నాము.

కారణమేమి? 1932 జూన్ 25వ తేదీన లార్డ్సు మైదానమున హిందూదేశము తన మొదటి టెస్టు పోటీ నాడునాటికి నాయుడుగారి వయస్సు ముప్పదియాఱేండ్లు. ఇతరులు పరుగులు రాసిగా గూర్చుకొను యౌవనకాలమంతయు ఆయనకు టెస్టు లేకుండగనే గడచిపోయినది. 1932 మొదలు 1936 వఱకు మన దేశ మాడినవి ఏడు టెస్టులే. ఏడింటను ఆయన ఆడిరి. పిమ్మట పదేండ్లపాటు, 1946 వఱకు, మనకు టెస్టులే లేవు. ఆడుటకు లేని యాటలో పరుగులు తీయుట యెవ్వరి తరము?

1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానమున గిలిగన్ నాయకత్వమున వచ్చిన ఎం. సి. సి. జట్టుపై హిందువుల పక్షమున ఆడుచు ఆయన రెండు గంటలు నిండకమునుపే 153 పరుగులు గావించిరి. అందు సిక్సర్లు పదునొకండు. తెల్లదొరల బంతిని సరిహద్దు దాటించుట మనవారికిని సాధ్యమే యని నాడు జూచినవారు తెలిసికొనిరి. ఆ పర్యటనకు బిమ్మట 1928లో మన క్రికెట్టు బోర్డు ఏర్పడినది. 1932లో ఇంగ్లండు పర్యటనమున ఆయన తీసిన పరుగులు 1,618. పడగొట్టిన వికెట్లు 65. విజ్డన్ వార్షిక గ్రంథము 1933లో ఆయనను ఆ యేటి అయిదుగురు మేటి యాటగాండ్రలో నొకనిగా నెంచినది. 25 అను సగటులో ఇందేదియు కానరాదు.

అట్లని అంకెలు బొత్తిగా అక్కఱలేదని మే మనము. అంకెలకు ముఖస్తుతి చేతగాదు. విజ్జీ ధనవంతుడు, ఉదారుడు. 1930-31లో హాబ్సు, సట్‌క్లిఫ్ అంతటివారిని మన దేశమునకు రప్పించి ఆడించినవాడు. 1936 పర్యటనమధ్యమున ఆయనకు సర్ బిరుదము లభించినది. అదే పర్యటనలో లాలా అమరనాథుడు మొదటి టెస్టునకు ముందే యింటికి బంపబడెను. రాజ్యమును బిరుదమును జూచి నాయకత్వ మిచ్చినచో నేమగునో 8.25 అను సంఖ్య నిర్మొగమాటముగా జెప్పుచున్నది. కావున అంకె మంచి సాక్షి. కాని న్యాయమూర్తి కాదు. సాక్షి తాను జూచినంతవఱకే చెప్పగలడు. పరుగు తీసిన క్షణమును అది చూచినది; ఆ క్షణమునకు బూర్వము ఇరువదేండ్లు మైదానమున నేమి జరిగినదో దానికి దెలియదు.

ఆ యిరువదేండ్ల కథయే గురువుల కథ. మాంచెస్టరున రామస్వామిగారు 40, 60 పరుగులు తీసిరి గదా. ఆ బ్యాటు వెనుక నెవ్వరున్నారు? వారి తండ్రి మోతవరపు వేంకట మహీపతి నాయుడుగారు, చెన్నపురి యెల్ల బుచ్చిబాబు నాయుడని ప్రేమతో బిలిచిన పెద్ద. ఆ కాలమున చెన్నపురి క్రికెట్టు క్లబ్బు దొరల సొత్తు. మనవారికి అందు సభ్యత్వము లేదు. బుచ్చిబాబుగారు ఫిర్యాదులతో కాలము బుచ్చక 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించిరి. తమ సొంత ద్రవ్యమును వెచ్చించి, మనవారికొక మైదానమును, చేతికి బ్యాటును, ఆడుటకు జట్టును గల్పించిరి. దొరల జట్టుతో మనవారి జట్టు సమానస్థాయిలో దలపడవలెనని ప్రయత్నించి, ఆ పోటీ జరుగుటకు గొలది దినములముందు 1908లో గతించిరి. తరువాత ఆ ప్రెసిడెన్సీ పోటీ పొంగలి పండుగనాటి వేడుకయై 1952 వఱకు సాగినది. ఆయన పేర నెలకొన్న పోటీ నడుమ గొంతకాల మాగినను 2023లో మరల ప్రారంభమైనది. బుచ్చిబాబుగారు ఒక్క టెస్టు నాడలేదు. అంకెల పుస్తకమున ఆయనకొక పంక్తి యైన లేదు. కాని దక్షిణదేశమున క్రికెట్టునకు బితామహుడెవ్వరని యడిగినచో చెన్నపురి పెద్దలు చెప్పు పేరు అదియే.

అదే మాంచెస్టరున రెండవ ఇన్నింగ్సులో విజయ్ మర్చంటుతో గలసి ముస్తాక్ అలీ తొలి వికెట్టునకు 203 పరుగులు కూర్చెను. అందు ముస్తాకు సొంత పరుగులు 112. విదేశమున హిందూదేశపు ఆటగాడు గావించిన మొదటి టెస్టు శతక మదియే. ఈ ముస్తాకు ఇందూరు పట్టణపు బాలుడు. 1923లో హోల్కారు ప్రభువు పిలుపుపై ఇందూరు చేరిన నాయుడుగారు ఆ బాలునియందలి ప్రజ్ఞను బసిగట్టి చేరదీసిరి. 1934లో కలకత్తాలో మొదటి టెస్టు ఆడునాడు ముస్తాకు ఎడమచేతితో నెమ్మదిగా బంతి వేయువాడుగా బేరుగన్నవాడు. రెండున్నర యేండ్లలో దేశమునకు తొలి బ్యాటుదారుడయ్యెను. ఆ మొదటి పోటీ లెక్కలను మాత్రమే చూచి వానిని తీర్పరులు ప్రక్కకు నెట్టియుండినచో మాంచెస్టరు శతకము లేకపోయెడిది గదా! గురువు కన్ను అంకెకు ముందే చూచును. శిష్యుడు శతకము చేసినపుడు అది శిష్యుని లెక్కలోనే చేరును. నాయుడుగారి 350 పరుగులు 350గానే నిలిచినవి.

నాయుడుగారు గురుత్వమును వృద్ధాప్యమునను విడువలేదు. యాబదియవ యేట రంజీ పోటీలలో బరోడా జట్టుపై 200 పరుగులు తీసి, పడుచువారికి క్రమశిక్షణ యనగా నేమో మైదానముననే చూపిరి. హోల్కారు జట్టు 1945-46 మొదలు 1952-53 వఱకు నాలుగు మాఱులు రంజీ కప్పును గెలిచినది. 1953-54లో ఆంధ్ర జట్టు మొట్టమొదటి మాఱు రంజీ పోటీలలో దిగినపుడు దానికి నాయకత్వము వహించినది యేబదియెనిమిదేండ్ల ఈ నాగపుర తెలుగువాడే. తాతముత్తాతలు విడిచివచ్చిన నేలకు ప్రవాసి తీర్చుకొన్న ఋణముగా మే మిద్దానిని భావింతుము.

ఈ ఋణము ఒకవైపు మాత్రమే సాగునది కాదు. తమిళ కుటుంబమున బుట్టి సికింద్రాబాదున బెరిగిన మిథాలీ రాజ్ కథయు ఇట్టిదే. ఆ బాలికకు సికింద్రాబాదున ఆట నేర్పిన సంపత్ కుమార్‌గారు 1997లో రోడ్డు ప్రమాదమున మరణించిరి. 1999లో ఆమె ఐర్లండుపై తన తొలి అంతర్జాతీయ పోటీలోనే శతకము గావించినపుడు ఆ గురువు చూచుటకు లేడు. 2022లో ఆమె విరమించునాటికి ఒకదిన పోటీలలో గూర్చిన పరుగులు 7,805. అన్ని పరుగులు అప్పటికి ప్రపంచమున మఱి యే స్త్రీయు తీసియుండలేదు. ఆ సంఖ్య నెఱిగినవారు లక్షలు. గురువు పేరెఱిగినవా రెందఱు?

పుట్టుకతో వచ్చిన ప్రజ్ఞకు గురువేల యని కొందఱు వాదింతురు. ప్రజ్ఞ పుట్టుకతో రావచ్చును. బ్యాటు, బంతి, మైదానము పుట్టుకతో రావు. విత్తనము మేలిదైనను పొలము దున్నినవాడు లేక పంట లేదు. మఱికొందఱు నేడు శిక్షణశాలలు పెక్కు లేచినవి, గురువులకు కొఱత లేదందురు. నిజమే. కాని ఆ శాలలలో పెక్కింట రుసుము చెల్లింపగల బిడ్డకే ప్రవేశము. బుచ్చిబాబుగారు సొంత ద్రవ్యము వెచ్చించి తెఱచిన తలుపును నేడు మనము ద్రవ్యము గైకొని మూయుచున్నాము. ఇంతకంటెను విచారకరమైన దొకటి కలదు. పండ్రెండేండ్ల బిడ్డ ఒక యేడు పరుగులు తీయకపోయినంతనే వీనికి సగటు లేదని తలిదండ్రులు నిరాశపడుదురు, తీర్పరులు పేరు కొట్టివేయుదురు. ముస్తాకులు ఎందఱు ఇట్లు మన పల్లెలలో బేటలలో నిలిచిపోవుచున్నారో!

కావున మా సూచనలు మూడు. మొదటిది: ప్రతి క్రికెట్టు సంఘమును తన శిక్షణశాలలో గొన్ని స్థానములను పేద బిడ్డలకు రుసుము లేక యీయవలెను; పురపాలక సంఘములు తమ మైదానములను ఉదయము సాయంకాలము వారి కొఱకు తెఱచి యుంచవలెను. రెండవది: చిన్న వయస్సు పోటీలకు ఎంపిక చేయువారు లెక్కల కాగితమును చేతబట్టుటకు ముందు బిడ్డ యాటను కన్నులార జూడవలెను, నేర్పిన గురువును బిలిచి యొక మాట యడుగవలెను. మూడవది: సంఘములు ఆటగాండ్ర పేర్ల ప్రక్కన వారికి నేర్పినవారి పేర్లను గూడ వ్రాయించి భద్రపఱుపవలెను. చెన్నపురి, నాగపురము, ఇందూరు, సికింద్రాబాదు పట్టణములలో ఈ కథల నెఱిగిన వృద్ధులు నేటికిని గొందఱు గలరు. వారు పోయిన వెనుక అంకెలు మిగులును, కథలు మిగులవు.

క్రికెట్టు ప్రసంగము మానుడని మేము కోరుట లేదు. దానిని పూర్తిగా జేయుడని కోరుచున్నాము. ఇక మీదట నలుగురు గూడి ఒక యాటగాని సగటును జెప్పినపుడు, వానికి నేర్పిన దెవ్వరను ప్రశ్నను గూడ నొకరు వేయుదురు గాక. సమాధానము తెలియనిచో వెదకుదురు గాక.