మొదటి ట్రాక్టర్ కొనేముందు మన చేను ఎంతో చూసుకుందాం



పోస్ట్ పెద్దగా ఉంటది, ఓపిక చేసుకుని చదవండి. పోయిన ఆదివారం మా అన్న ఫోన్ చేశాడు. "తమ్మీ, దసరాకి ట్రాక్టర్ తెస్తున్నం. ఎడ్లకు బేరం కూడా అయిపోయింది. నువ్వొచ్చి కాగితాలు చూసి సంతకం పెట్టు" అన్నాడు. ఇంట్లో గోండిలోనే మాట్లాడుకుంటాం, మీ అందరి కోసం తెలుగులో రాస్తున్నా. ముందు చాలా సంతోషం అయింది. హాస్టల్‌లో మా రూమ్ వాళ్ళకు చెప్తే పార్టీ అడిగారు. రాత్రి లైట్లు తీసేశాక పడుకుని లెక్క వేసుకున్నా. ఇక నిద్ర పట్టలేదు.

మాది ఉట్నూర్ వైపు చిన్న గూడెం. ఐదు ఎకరాల చేను. మూడు ఎకరాలు నల్లరేగడి, రెండు ఎకరాలు గుట్ట కింద పోడు, దానికి అటవీ హక్కుల పట్టా ఉంది. మా ఇంట్లో పది దాటి చదివింది నేనే, బీకాం రెండో సంవత్సరం. అన్న కొందామంటున్నది 50 హార్స్‌పవర్ బండి, ట్రాలీ, తొమ్మిది పళ్ళ కల్టివేటర్, రోటావేటర్, అన్నీ కలిపి. ఆ బండి మంచిదే కావచ్చు. కానీ మా ఐదు ఎకరాలకు అది సరిపోయే బండి కాదు. మన గూడేల్లో చాలా ఇండ్లు ఇదే తప్పు చేస్తున్నాయని నాకు అనిపిస్తోంది, అందుకే రాస్తున్నా.

అన్న ఆశ తప్పు అని అనట్లేదు. మిరుగు వాన పడ్డాక మా గూడెంలో ఏమైతదో మీ గూడేల్లో కూడా అదే అవుతుంది. ట్రాక్టర్ ఉన్నాయన ముందు తన చేను దున్నుకుంటాడు, తర్వాత చేతిలో డబ్బు పెట్టినోళ్ళది, పత్తి అమ్మినాక ఇస్తామన్న మనది ఆఖరికి. పోయినేడు మేము పది రోజులు లేటుగా గింజ పెట్టాం. పది రోజులు అంటే తేమ పోతది, మొలక పలచబడతది, మళ్ళీ గింజలు కొనాలి. ఎడ్లు చూస్తే జత లక్ష దాటింది. మేపడానికి పిల్లలు లేరు, అందరం హాస్టళ్ళలోనే ఉన్నాం. బాపుకి మోకాళ్ళ నొప్పులు. ఇంకోటి కూడా ఉంది, దాచుకోవడం ఎందుకు, ఇంటి ముందు ట్రాక్టర్ ఉంటే అన్నకు సంబంధాలు వస్తాయి.

కాబట్టి కొనాలనే మాట సరే. ఎంత బండి, ఎవరి డబ్బుతో, ఏ పనికి? ఆ మాట మాట్లాడేవాళ్ళే లేరు.

షోరూం నుంచి వచ్చినాయన అన్నను రెండే ప్రశ్నలు అడిగాడట. చేతిలో ఎంతుంది, జమానతు ఎవరు పెడతారు. చేను ఎన్ని ఎకరాలు, ఏ నేల, వాలు ఎంత, ఏ పంట వేస్తారు, ఒక్కటి కూడా అడగలేదు. పైగా "జీఎస్టీ తగ్గింది, దసరా దాటితే ఈ రేటు ఉండదు" అన్నాడట. జీఎస్టీ తగ్గిన మాట నిజం. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద 12 నుంచి 5 శాతం అయింది. ఎనిమిది లక్షల బండి మీద యాభై వేల దాకా తగ్గుతుంది. కానీ అది పండగ ఆఫర్ కాదు కదా, దసరా దాటితే పోయేదేం కాదు.

లెక్క చెప్తా, తప్పుంటే కామర్స్ వాళ్ళు సరిచేయండి. బండి, ట్రాలీ, పనిముట్లు కలిపి పదిన్నర లక్షలు. ఎడ్లు అమ్మింది, ఇంట్లో దాచింది, మామ దగ్గర తెచ్చింది కలిపి మూడు లక్షలు కడతాం. ఏడున్నర లక్షలు ఫైనాన్స్, 14 శాతం వడ్డీ, ఐదేళ్ళు, ఆర్నెల్లకో కిస్తీ. ఒక్కో కిస్తీ 1,07,000 దగ్గర పడుతుంది. అంటే ఏడాదికి 2,14,000.

ఇప్పుడు మేము కిరాయికి ఎంత పెడుతున్నాం? మా దగ్గర ఎకరానికి కల్టివేటర్ రెండు సార్లు రెండు వేలు, రోటావేటర్ ఒకసారి పదిహేను వందలు. ఐదు ఎకరాలకు 17,500. పత్తి తోలడానికి ఇంకో 4,500 వేసుకోండి. మొత్తం 22,000. అంటే ఏడాదికి 22,000 ఖర్చు తప్పించుకోవడానికి 2,14,000 కడతాం అన్నమాట.

"కిరాయికి తోల్త, కిస్తీ అదే వస్తది" అన్నాడు అన్న. అది కూడా చూశా. ఎకరానికి 3,500 వస్తే డీజిల్‌కే పదమూడు వందల పైన పోతుంది. ఆయిల్, అరుగుదల, డ్రైవర్ కూలీ కొంచెం తీసేసినా చేతిలో 1,900 మిగులుతుంది అనుకుందాం. కిస్తీ కట్టాలంటే ఏడాదికి 112 ఎకరాలకు పైగా బయటి చేను దున్నాలి. అది కూడా నగదు మీద. మా గూడెంలో ఇప్పటికే నాలుగు ట్రాక్టర్లు ఉన్నాయి, ఐదోది మాది. దున్నే రోజులు చూస్తే ఎండాకాలం ఆఖరు, వాన మొదలు, అంతే. అందరికీ ఒకేసారి కావాలి, తర్వాత ఎవరికీ వద్దు. కిరాయి బాకీలు ఎలా వసూలు అవుతాయో మీకు చెప్పనక్కర్లేదు, మనమే బాకీ పెట్టేవాళ్ళం కదా.

ఇంకో వైపు నుంచి చూడండి. ఐదు ఎకరాలూ పత్తే వేసి, ఎకరానికి ఆరు క్వింటాళ్ళు వచ్చిందనుకోండి. వాన మీద ఆధారపడ్డ చేనుకి అది మంచి పంటే. 30 క్వింటాళ్ళు. 2025-26కి పొడుగు పింజ పత్తి మద్దతు ధర 8,110. తేమ పేరుతో ఏమీ కోయకుండా మొత్తం ఇచ్చినా 2,43,300. కిస్తీ పోను మిగిలేది 29,300. విత్తనం, ఎరువు, ఏరే కూలీ, తిండి, నా హాస్టల్ ఖర్చు అన్నీ అందులోంచే.

అన్నను కాగితాలు ఫోటో తీసి పంపమన్నా. పన్నెండు పేజీలు, మొత్తం ఇంగ్లీష్. నాకే డిక్షనరీ పెట్టుకుని చదవడానికి రెండు రాత్రులు పట్టింది. బాపు ఎట్లా చదువుతాడు? అందులో బీమా వేరు, కాగితాల ఖర్చు వేరు, కిస్తీ లేటైతే జరిమానా వేరు. నోటితో చెప్పిన వడ్డీ ఒకటి, ఇవన్నీ కలిపితే పడేది ఇంకొకటి. రెండు చోట్ల ఖాళీ వదిలి కింద వేలిముద్ర గుర్తు పెట్టి ఉంది. "మన భూమి ఎట్లాగూ తీసుకోలేరు తమ్మీ, భయమెందుకు" అన్నాడు అన్న. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆ పట్టా వారసత్వంగా పిల్లలకు వస్తుంది కానీ అమ్మడానికి, ఇంకొకరికి మార్చడానికి లేదు. ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు పోకుండా 1/70 ఉంది. నిజమే, భూమి పోదు. కానీ బండిని తీసుకెళ్తారు, జమానతు పెట్టిన మామ ఇంటి మీదకు వస్తారు. ఎడ్లు అప్పటికే సంతలో అమ్మేసి ఉంటాం. మా చిన్నమ్మ వాళ్ళ ఊర్లో ఒకాయనకు మూడో ఏట రెండు కిస్తీలు ఆగాయి. పొద్దున్నే నలుగురొచ్చి చేనులోంచే బండి తోలుకపోయారు. కట్టిన డబ్బు, బండి, ఎడ్లు మూడూ పోయాయి. ఇప్పుడు ఆయన అదే చేనును కిరాయికి దున్నిస్తున్నాడు.

డబ్బు పక్కన పెట్టి నేల మాట చూద్దాం. అసలు తేడా అక్కడ ఉంది. 50 హార్స్‌పవర్ బండి బరువు రెండు టన్నుల దగ్గర. మా పోడులో మొద్దులు, రాళ్ళు ఇంకా ఉన్నాయి, వాలు ఉంది. అడ్డంగా తోలితే పక్కకు ఒరుగుతుంది. రేగడి తడిగా ఉన్నప్పుడు దిగితే చక్రాల కింద నేల గట్టిపడుతుంది, లేదా బండే కూరుకుపోతుంది. మలుపు తిప్పడానికి చేను చివర ఇంత జాగా వదలాలి. ఐదు ఎకరాల్లో అది కూడా నష్టమే.

అన్నిటికంటే పెద్ద మాట: పత్తి మోకాలెత్తు వచ్చాక ఆ బండి సాళ్ళలోకి పోదు. గుంటక, మా వైపు డౌర అంటాం, దానికి మళ్ళీ ఎడ్లే కావాలి. సీజన్‌లో మూడు నాలుగు సార్లు డౌర కొట్టాలి. ట్రాక్టర్ కోసం ఎడ్లు అమ్మి, డౌర కోసం ఎడ్లు కిరాయికి తెచ్చుకోవాలి. మొన్న పొలాల పండగకు కొమ్ములకు రంగేసి, మెడలో గజ్జెలు కట్టి, అమ్మ బూరెలు తినిపించిన ఎడ్లు అవి. అమ్మ ఒక్క మాటే అన్నదట, "అమ్మేటోళ్ళు అమ్ముకోండ్రి, నేను చూడ." ఈ లెక్కలన్నీ వేశాక అమ్మ మాటే కరెక్ట్ అనిపించింది.

నవ్వొచ్చే సంగతి ఒకటుంది. యూట్యూబ్‌లో చూశా. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసేవాళ్ళు చేవెళ్ళ, శంకర్‌పల్లి దిక్కు రెండెకరాలు కొనుక్కుని శని, ఆదివారాలు సరదాకి సాగు చేస్తారు. వాళ్ళు మొదటి ట్రాక్టర్ కొనేముందు ఎంత చూస్తారో! చెట్ల మధ్య ఎంత జాగా ఉంది, బండి వెడల్పు ఎంత, ఫోర్ వీల్ ఉందా, రోటావేటర్ ఎన్ని అడుగులు. చివరికి 15, 18, 24 హార్స్‌పవర్ మినీ ట్రాక్టర్ తీసుకుంటారు. సరదాకి సాగు చేసేవాళ్ళు చేనుని బట్టి బండి కొంటున్నారు. బతకడానికి సాగు చేసే మనం షోరూం ఆయన చూపించిన బండి కొంటున్నాం. డబ్బున్నోళ్ళ దగ్గర అన్నీ నేర్చుకోనక్కర్లేదు, ఇదొక్కటి నేర్చుకోవచ్చు.

15 హార్స్‌పవర్‌లో మహీంద్రా యువరాజ్, స్వరాజ్ 717, 24లో ఫోర్ వీల్‌తో మహీంద్రా జీవో, కుబోటా ఉన్నాయి. బరువు పెద్ద బండిలో సగం కూడా ఉండదు. వెడల్పు తక్కువ కాబట్టి సాళ్ళు మూడు, నాలుగు అడుగుల దూరం పెట్టుకుంటే పత్తి మరీ ఎదగకముందు మధ్యలోకి పోతుంది. ఐదు పళ్ళ కల్టివేటర్, మూడు నాలుగు అడుగుల రోటావేటర్ లాగుతుంది. అడగాల్సిన మాట ఒకటుంది. ఇంజన్ హార్స్‌పవర్ వేరు, రోటావేటర్ తిప్పే పీటీఓ దగ్గర వచ్చే పవర్ వేరు, అది తక్కువ ఉంటది. పనిముట్టు దాన్ని చూసి తీసుకోవాలి.

మినీతో అన్నీ అయిపోతాయని అనను. ఎండిన రేగడిని లోతు దుక్కి దున్నడం దాని వల్ల కాదు, ఆ ఒక్క దుక్కికి రెండు మూడేళ్ళకోసారి పెద్ద బండి కిరాయికి పిలవాల్సిందే. పెద్ద ట్రాలీ లాగదు. కొన్ని సామాన్లకు ఆదిలాబాద్ దాకా పోవాలి, కొనేముందు మెకానిక్‌ను అడగండి, షోరూం వాళ్ళను కాదు.

నేను అన్నకు చెప్పింది ఇది. మా బాపు, పెద్దబాపు, ఇద్దరు చిన్నబాపుల చేన్లు పక్కపక్కనే, కలిపి 18 ఎకరాలు. నాలుగు ఇండ్లు కలిసి 24 హార్స్‌పవర్ ఫోర్ వీల్ ఒకటి, పనిముట్లతో ఆరున్నర లక్షల దాకా. ఇంటికి యాభై వేలు ముందు కడితే, మిగతా నాలుగున్నర లక్షలకు అదే వడ్డీ మీద కిస్తీ 64,000. ఇంటికి 16,000, ఏడాదికి 32,000. డీజిల్ వేరు. అంటే ఇది కూడా కిరాయి కన్నా ఎక్కువే. డబ్బు ఒక్కటే చూస్తే కిరాయికి దున్నించుకుని ఎడ్లు ఉంచుకోవడమే చౌక. కానీ వాన పడ్డ మూడో రోజు గింజ పడాలంటే మాత్రం ఈ మధ్య దారి నాకు నచ్చింది. ఒక పంట పోయినా 16,000 ఎక్కడైనా తేగలం. 1,07,000 తేలేం.

కేంద్రం వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో ఎస్టీలకు, మహిళలకు, చిన్న రైతులకు పనిముట్ల మీద 50 శాతం దాకా సబ్సిడీ రాసి ఉంది. కానీ నిధులు వచ్చినప్పుడే ఇస్తారు, ప్రతి పనిముట్టుకి ఒక గరిష్ఠ మొత్తం ఉంటుంది. సంతకం పెట్టకముందే ఏఈఓ దగ్గరికి, ఐటీడీఏకి ఒకసారి పోయి రావాలి. కొన్నాక పోతే లాభం లేదు.

అన్న ఏమన్నాడో కూడా రాయాలి. "నలుగురి బండి అంటే ముందు ఎవల చేను దున్నాలె? అక్కడే కొట్లాట" అన్నాడు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఏటా వరుస మార్చుకోవచ్చు, పటేల్ ముందు రాసుకోవచ్చు, డీజిల్ ఎవరి చేనుకి వాళ్ళు పోసుకోవచ్చు. అయినా గొడవ రావచ్చు. "చిన్న బండి తెస్తే ఊర్లో నవ్వుతరు" అని కూడా అన్నాడు. దానికి నాకు కోపం వచ్చి, కిస్తీ కట్టేటప్పుడు నవ్వినోళ్ళు వస్తరా అన్నా. ఫోన్ పెట్టేశాడు. అట్లా అనకుండా ఉండాల్సింది, నా ఫీజు కట్టిందీ అన్ననే.

శనివారం ఊరికి పోతున్నా. పన్నెండు పేజీల్లో ఏముందో తెలుగులో ఒక కాగితం మీద రాసుకున్నా, బాపుకి గోండిలో చదివి వినిపిస్తా. ఎడ్ల బేరానికి బయానా తీసుకున్నారు కానీ తోలుకపోలేదు, వాపసు ఇస్తే ఊరుకుంటారో లేదో చూడాలి. మీలో ఎవరింట్లో అయినా 24 హార్స్‌పవర్ బండి రేగడి చేనులో నడుస్తుంటే, ఎకరానికి డీజిల్ ఎంత పడుతుందో, తడిలో ఎట్లా పోతుందో శుక్రవారం రాత్రి లోపు కామెంట్‌లో రాయండి. అన్నలు, అక్కలు ఎవరైనా నలుగురు కలిసి కొన్నవాళ్ళు ఉంటే వరుస ఎట్లా పెట్టుకున్నారో కూడా చెప్పండి. అన్నకు చూపించాలి.