నాలుగు పనుల ఇంటాయన

కడప జిల్లా తొండూరు మండలంలో సామాన్య కుటుంబ పెద్దకు ఒకే వృత్తి ఉండడం అరుదు. రెండు మూడెకరాల మెట్ట ఉంటే దాంట్లో సేద్యం, లేకుంటే కౌలు. సొంత పొలంలో పని లేని రోజుల్లో కూలి. వేసవిలో బేల్దారి పని. ఊళ్లో అదీ దొరక్కపోతే బెంగళూరు బస్సు. ఈ నాలుగూ కలిస్తేనే ఇల్లు గడుస్తుంది. ప్రభుత్వ చట్టాలు, పథకాలు మాత్రం అతన్ని ఒకచోట రైతుగా, మరోచోట కూలీగా, ఇంకోచోట భవన నిర్మాణ కార్మికుడిగా చూస్తాయి. అన్ని పనులూ చేసే మనిషి ఏ ఒక్క లెక్కలోనూ పూర్తిగా ఇమడడు. అతని కష్టాలకు వానతో పాటు ఇదీ ఒక కారణం.

పులివెందుల నుంచి ముద్దనూరు పోయే దారిలో ఉన్న ఈ మండలంలో నల్లరేగడి నేలలకు ప్రధాన పంట బుడ్డశనగ. అక్టోబరు, నవంబరు నెలల్లో పదును చూసి విత్తుతారు. నేలలో దాగిన తేమ, చలికాలపు మంచు దాన్ని పండించాలి. విత్తే అదనులో వాన రాకపోతే నేల బీడు పడుతుంది. పూత మీద వాన కొడితే కాయ నిలవదు. జనవరి, ఫిబ్రవరిల్లో నూర్పిడి అయ్యాక చేతికొచ్చే డబ్బే ఏడాది మొత్తానికి పెద్ద రాబడి. గండికోట జలాశయం నుంచి చిత్రావతికి ఎత్తిపోసే నీరు, బోర్లు పులివెందుల ప్రాంతంలో అరటి, చీనీ తోటలను నిలబెట్టాయి. నీళ్లున్న రైతు తోట పెడతాడు. నీళ్లు లేని రైతు అదే తోటలోకి గెలలు కొట్టడానికి, లారీలకు ఎత్తడానికి కూలికి పోతాడు.

నూర్పిడి తర్వాత మిగిలిన నెలలకు ఆసరాగా వచ్చింది ఉపాధి హామీ పని. 2005లో చట్టమైన ఈ పథకం 2006 ఫిబ్రవరి 2న పక్కనే ఉన్న అనంతపురం జిల్లా బండ్లపల్లెలో మొదలైంది. తొలి విడత జిల్లాల్లో కడప కూడా ఉంది. అయితే ఆ చట్టం హామీ ఇచ్చిన 100 రోజులు ఇంటికి గాని మనిషికి కాదు. భార్యాభర్తలిద్దరూ పనిలోకి దిగితే 50 రోజుల్లోనే ఆ లెక్క తీరిపోయేది. అందుకే చాలా ఇళ్లలో ఆ పనికి భార్య పోయేది, భర్త బేల్దారి పనికో పొరుగూరికో పోయేవాడు.

ఈ కుటుంబాన్ని కుంగదీసేది రాబడి తక్కువ కావడం ఒక్కటే కాదు, అది వచ్చే తీరు కూడా. పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది. డ్వాక్రా కంతు, చీటీ డబ్బు, కరెంటు బిల్లు, పిల్లల బడి వ్యాను నెలనెలా కట్టాలి. మధ్యలోని ఆ ఎడాన్ని అప్పుతో పూడ్చుకోవాలి. బ్యాంకులో పంట రుణం సకాలంలో కడితే, కేంద్రం ఇచ్చే రాయితీ పోను ఏడాదికి 4 శాతం వడ్డీ పడుతుంది. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. లక్ష రూపాయల మీద ఒకరు 4,000 కడితే మరొకరు 24,000 కడతారు. ఇద్దరి నేలా ఒకటే, పంటా ఒకటే. తేడా అల్లా పట్టాదారు పాసు పుస్తకంలో ఎవరి పేరుందన్నదే. పాసు పుస్తకం లేనివాడికి చివరకు మిగిలేది భార్య మెడలోని బంగారం. ప్రొద్దుటూరు అంగట్లో పెళ్లికి కొన్న గొలుసు విత్తనాల వేళ తాకట్టుకు పోతుంది. పంట సరిగా పండని ఏడు అది ఇంటికి తిరిగి రాదు.

చట్టాల్లోని ఖాళీలు ఇక్కడే కనిపిస్తాయి. కౌలు రైతు కోసం రాష్ట్రం 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. దాని ప్రకారం 11 నెలల గడువుతో కార్డు ఇవ్వాలంటే భూయజమాని సంతకం కావాలి. భూమి చేజారుతుందేమోనన్న భయంతో చాలామంది యజమానులు సంతకానికి ముందుకు రారు. పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు భూమి ఉన్నవారికే అందుతాయి. భవన నిర్మాణ కార్మికుడిగా పేరు నమోదు కావాలంటే గత 12 నెలల్లో కనీసం 90 రోజులు ఆ పని చేసి ఉండాలి. సేద్యం నడుమ అరవై డెబ్బై రోజులు ఇటుకలు మోసినవాడు ఆ లెక్కకు అందడు. 2019లో వచ్చిన శ్రమయోగి మాన్‌ధన్ పింఛనులో 40 ఏళ్లు దాటినవారు చేరలేరు. చేరినవారి నెల వాటా వయసును బట్టి 55 నుంచి 200 రూపాయల దాకా ఉంటుంది. నెల జీతం లేని మనిషికి దాన్ని క్రమం తప్పకుండా కట్టడం కష్టం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ శస్త్రచికిత్స ఖర్చు భరించి ఎన్నో ఇళ్లను కాపాడింది. అయినా ఇంటాయన మంచం పట్టిన నెల రోజుల కూలి నష్టం పూర్తిగా పూడదు.

ఈ ఖాళీలను పూడ్చడానికి కొత్త పథకం అక్కర్లేదు, ఉన్నవాటిని కలిపితే చాలు. పొలంలో వాస్తవంగా పంట వేసిందెవరో ఈ-పంట నమోదులో రాస్తున్నారు. యజమాని సంతకంతో పని లేకుండా దాన్నే పంట రుణానికి ఆధారంగా తీసుకోవాలి. భవన నిర్మాణం, తోట కూలి, ఉపాధి పని రోజులను గ్రామ సచివాలయంలో ఒకే పుస్తకంలో కలిపి రాసి, ఆ మొత్తాన్నే కార్మికుడి అర్హతగా లెక్కించాలి. పింఛను వాటాను నూర్పిడి తర్వాత ఏడాదికి ఒక్కసారి కట్టేలా చూడాలి. పొదుపు సంఘాల కంతులకు కూడా పంట కాలాన్ని బట్టి గడువు పెట్టాలి. నాలుగు పనులు చేసి ఇల్లు నడిపే మనిషిని ఒక్క కుటుంబ పెద్దగా గుర్తించి, అతని ఏడాదిని ఏడాదిగా లెక్కపెట్టడం వ్యవస్థ బాధ్యత.