బిడ్డ భోజనము – మన బాధ్యత

మన ఇండ్లలో భోజన సమయమున తరచుగా కానవచ్చు దృశ్యమొకటి కలదు. మూడేండ్ల బిడ్డ పెదవులు బిగించి కూర్చుండును. తల్లి ముద్ద పట్టుకొని వెంట తిరుగును. పూర్వము చందమామను చూపియో, బూచివాని పేరు చెప్పియో తినిపించెడివారు. నేడా స్థానమును సెల్‌ఫోను ఆక్రమించినది. తుదకు బిడ్డ ఏడుపుతో, తల్లి నిట్టూర్పుతో భోజనము ముగియును. ఇంటిలో అన్నలుగా, అక్కలుగా ఉన్న మేము దీనిని చూచి ఊరకుండరాదని మా అభిప్రాయము.

మొదట ఒక సంగతి గ్రహింపవలెను. తొలి సంవత్సరములో బిడ్డ బరువు పుట్టినప్పటికంటె సుమారు మూడింతలగును. రెండవ యేట పెరుగునది రెండు, రెండున్నర కిలోలు మాత్రమే. పెరుగుదల మందగించినపుడు ఆకలియు తగ్గుట సహజము. క్రొత్త రుచిని శంకించుటయు ఆ వయస్సు లక్షణమే. ఒకే కూరను పది పదిహేను మార్లు కొంచెముగా రుచి చూపిన పిదపనే కొందరు బిడ్డలు దానిని అంగీకరింతురు. మనమో, రెండవ నాటికే విసిగి, "వీడు ఆకుకూర తినడు" అని తీర్పు చెప్పుచున్నాము.

అట్లని ఇది అలక్ష్యము చేయదగినది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆరు నెలలు మొదలు ఐదేండ్లలోపు పిల్లలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 63 మంది, తెలంగాణలో 70 మంది. పేదరికము దీనికొక కారణమనుట నిజమే. కాని అన్నమునకు లోటులేని ఇండ్లలో సైతము టీలో ముంచిన బిస్కట్లతో బిడ్డ కడుపు నింపుచున్నాము. టీ ఆహారములోని ఇనుమును శరీరమునకు అందనీయదు. కళాశాల నుండి తిరిగివచ్చుచు, భోజనమునకు ముందే తమ్మునికి చిప్సు పొట్లము తెచ్చి ఇచ్చునది మేమే కదా!

1980వ దశకములో ఎలిన్ శాటర్ అను అమెరికన్ పోషకాహార నిపుణురాలు ఒక చక్కని విభజన సూచించినది. ఏమి, ఎప్పుడు, ఎక్కడ వడ్డించవలెనో నిర్ణయించుట పెద్దల వంతు. తినుటయా మానుటయా, ఎంత తినుట అనునది బిడ్డ వంతు. "బిడ్డను పస్తుంచుటయా?" అని పెద్దలు కోపింపవచ్చును. ఆరోగ్యవంతుడైన బిడ్డ ఒక పూట తక్కువ తిన్నంత మాత్రమున చిక్కిపోడు. బరువు తగ్గినను, నీరసించినను వైద్యునికి చూపవలసినదే.

దస్తర్‌ఖాన్ చుట్టు ఇంటిల్లిపాది కూర్చుండి ఖిచిడీ, ఖట్టా ఆరగించు ఆచారము మనకున్నది. పీటలు వేసికొని పప్పన్నము కలుపుకొను ఆచారమును ఉన్నది. పెద్దలు ఇష్టముగా తినుట చూచి బిడ్డ నేర్చుకొనును. కాకరకాయను ప్రక్కకు నెట్టివేయు అన్న, తమ్మునికి నీతులు చెప్పజాలడు.

కళాశాల కమిటీ వారికి మా మనవి ఒక్కటే. 1958 నుండి హైదరాబాదులో నున్న జాతీయ పోషకాహార సంస్థ నిపుణులను ఆహ్వానించి, ఒక దినము తల్లిదండ్రులతో సమావేశము జరుపవలెను. అందలి విషయములను ఉర్దూ, తెలుగు భాషలలో కరపత్రముగా వ్రాసి ఇంటింటికి చేర్చుభారము మేము వహింతుము. ఆలోగా, చిప్సు పొట్లమునకు బదులు ఒక జామపండు కొనిపోవుదము.