నల్లకోటునకు టముకేల?

ఆత్మకూరు బస్టాండులో దిగిన మనుష్యుడు కోర్టునకు దారి యడుగక మునుపే అతని సెల్‌ఫోను అతనికి వకీలును చూపుచున్నది. నల్లకోటు తొడిగి, వెనుక బీరువానిండ చట్టగ్రంథములు పేర్చి, వ్రేలు చూపుచు, అర నిమిషములో భూతగాదా తీర్చెదననువాడొకడు. విడాకులకింత, బెయిలునకింత యని ధర పలుకువాడింకొకడు. తాను గెలిపించిన కక్షిదారుచేత కోర్టుమెట్లమీదనే పూలదండ వేయించుకొని, ఆ దృశ్యమును ఫేస్‌బుక్కునకెక్కించువాడు వేఱొకడు. వీరిలో కొందఱు ఏ బారున నమోదైరో యెవరికిని తెలియదు. కొందఱసలు నమోదే కాలేదు. అయినను జనులు చూచుచున్నారు, నమ్ముచున్నారు, రొక్కము పంపుచున్నారు.

ఇందేమి తప్పు, ఈ కాలమున ఎవని టముకు వాడు వేసికొననిచో వానిని గుర్తించువాడెవడు, అని నన్నడుగు మిత్రులు పెక్కండ్రు కలరు. ఒక వెబ్‌సైటు, ఒక ఫేస్‌బుక్కు పుట, ఒక యూట్యూబు ఛానెలు, ఒక ఇన్‌స్టాగ్రాము ఖాతా, వీనినన్నిటిని నడుపుటకు నెలజీతముపై నొక కుఱ్ఱవాడు, ఇవి లేని వృత్తిపరుడు గతించిన తరమువాడట! దీనికి 'పర్సనల్ బ్రాండు' అని నామకరణము చేసినారు. బ్రాండు అనగా సబ్బుబిళ్ళమీది ముద్ర. పశువులకు కాల్చి వేయు వాతకును ఇంగ్లీషువాడు పెట్టిన పేరదియే. మనుష్యుడు తనకు తానే వాత పెట్టుకొని సంతసించు కాలము వచ్చినది కాబోలు.

నేను చూచిన దొక్కటి చెప్పెదను. ఉదయగిరి ప్రక్క మెట్టగ్రామమునుండి ఒక రైతు నాయొద్దకు వచ్చినాడు. క్రింది కోర్టులో అతని దావా ఓడిపోయి అప్పటికి అయిదవ నెల నడుచుచున్నది. డిక్రీ మీద జిల్లాకోర్టునకు అప్పీలు చేసికొనుటకు 1963 నాటి కాలపరిమితి చట్టము ఇచ్చినది ముప్పది దినములు మాత్రమే. ఇన్నాళ్ళేమి చేసితివయ్యా యని యడిగితిని. అతడు తన ఫోను తీసి ఒక వీడియో చూపి, "ఆ సారు మూడేళ్ళు టైముందన్నాడు గదయ్యా, తొందరేముందిలే అనుకున్నా" అన్నాడు. ఆ సారు నంబరుకు సలహా ఫీజును కూడ పంపినాడు. పిమ్మట ఆ నంబరు పలుకలేదు.

వీడియో చేసినవాడు అబద్ధమాడలేదు. ఆ మూడేండ్లు హక్కు ప్రకటనకై క్రొత్తగా వేయు దావాకు సంబంధించినవి. రైతుకా భేదము తెలియదు. నాయెదుట కూర్చుండియుండినచో నేను రెండు ప్రశ్నలడిగి యుందును, అతడు కాగితముల మూట విప్పియుండును. వీడియో ప్రశ్న వేయదు, మూట విప్పించదు. దానికి కావలసినది ఆ మనుష్యుని కన్ను అర నిమిషము తెరమీద నిలుచుటయే. ఆలస్యమును క్షమింపుడని 5వ సెక్షను క్రింద పిటిషను వేసితిమి. తగిన కారణమేమని న్యాయాధిపతి యడుగును. 'ఫోనులో చెప్పిరి' యను మాటను ప్రమాణపత్రమున ఎట్లు వ్రాయుదును? రెండు ఎకరముల చేను ఆ వాక్యముమీద నిలిచియున్నది.

ఇక చుక్కల భూముల సంగతి మఱియొకటి. తెల్లదొరల కాలమున రీసెటిలుమెంటు రిజిస్టరులో పట్టాదారుని పేరుండవలసిన గడిలో చుక్కలు పెట్టి విడిచిన భూములివి. నెల్లూరు జిల్లాలో ఇట్టి చిక్కు పడినవారెందఱో కలరు. వీనికై 2017లో రాష్ట్రము ప్రత్యేక చట్టము చేసినది. నిషేధిత జాబితానుండి, అనగా అందఱు '22-ఏ' యని పిలుచుదానినుండి, భూమిని తప్పించు నధికారము ప్రభుత్వమునది, రెవెన్యూ అధికారులది. అట్లుండగా 'వారములో మీ పొలమును 22-ఏనుండి తీయించెదము' అని ప్రకటించు వకీలు ఏమి అమ్ముచున్నాడు? తన చేతిలో లేనిదానిని అమ్ముచున్నాడు. అది న్యాయవాదమా, దళారితనమా, పాఠకులే నిర్ణయింతురు గాక.

చట్టము ఊరకున్నదా యన్నచో, ఊరకుండలేదు. 1961 నాటి న్యాయవాదుల చట్టము క్రింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చేసిన 36వ నియమము, ప్రత్యక్షముగా గాని పరోక్షముగా గాని, దళారిచేత గాని సర్క్యులరుచేత గాని న్యాయవాది పని యాచింపరాదని శాసించుచున్నది. గుమ్మమున బోర్డు సైతము మితమైన పరిమాణము కలదిగా నుండవలెను. దానిమీద తాను పూర్వము జడ్జిననియు, ఫలాని సంఘమునకు అధ్యక్షుడననియు, ఫలాని వ్యవహారములందు నిపుణుడననియు వ్రాసికొనరాదు. 2008లో ఈ నియమమును కొంత సడలించి, వెబ్‌సైటులో పేరు, చిరునామా, ఫోను, ఈమెయిలు, నమోదు సంఖ్య, నమోదైన తేది, చదువు, పనిచేయు రంగములు, ఇంతవఱకు వేసికొనవచ్చునన్నారు. ఆ అనుమతి న్యాయమైనది. మనుష్యుడు తానెక్కడనున్నాడో చెప్పుకొనుట టముకు కాదు.

1975లో సుప్రీంకోర్టు ముందుకొక వ్యవహారము వచ్చినది. బొంబాయి మేజిస్ట్రేటు కోర్టుల వాకిట నిలిచి, వచ్చిన కక్షిదారులమీది కుఱికి, చేతులలోని కాగితములు లాగుకొని, తమలో తాము పెనుగులాడిన న్యాయవాదుల కథ అది. జస్టిస్ కృష్ణయ్యరు ఆ తీర్పులో ఈ వృత్తి వర్తకము కాదని నిష్కర్షగా చెప్పినారు. నాటివాడు వాకిట నిలిచి చేయి పట్టి లాగెను, నేటివాడు రైతు జేబులో నిలిచి లాగుచున్నాడు. ఇంతకన్న భేదమున్నచో చెప్పుడు. 2024 జూలైలో మద్రాసు హైకోర్టు ఇంటర్నెట్టు కంపెనీలద్వారా పని వెదకుకొను వకీళ్ళపై చర్య గైకొనుమని బార్ కౌన్సిలును ఆదేశించినది. 2025 మార్చిలో బార్ కౌన్సిలు సినిమా నటులచేతను, సోషల్ మీడియా ప్రచారకులచేతను తమ్ము పొగడించుకొను న్యాయవాదులను తీవ్రముగా హెచ్చరించినది. వైద్యులకును 2002 నాటి నియమములు ఆత్మప్రచారమును నిషేధించినవి. 2023లో సోషల్ మీడియా నడవడిని గూర్చి చేర్చిన క్రొత్త నియమములు మాత్రము పుట్టిన నెలలోనే నిలిపివేయబడినవి. ఆ గొడవ వైద్యులకు విడిచెదను.

అమెరికాలో 1977లోనే సుప్రీంకోర్టు వకీళ్ళ ప్రకటనలను అనుమతించెను గదా, ఇంగ్లండులో 1984లో సొలిసిటర్లకు ఆ స్వేచ్ఛ కలిగెను గదా, మనమేల వెనుకబడవలెను, అని కొందఱు వాదింతురు. మనకు తెల్లవాని కోటు చాలదా, వాని టముకు కూడ కావలయునా? అక్కడ తప్పుడు ప్రకటన చేసినవానిని పట్టుకొను యంత్రాంగమున్నదని వారే చెప్పుదురు. ఇక్కడ ఒక కక్షిదారు ఫిర్యాదు వ్రాసి, దానిని రాష్ట్ర బార్ కౌన్సిలునకు పంపి, శిక్షణసంఘము ఎదుట నిలుచునాటికి ఎన్ని పంటలు గడచునో ఉదయగిరి రైతునడుగుడు.

కీర్తి చాటుకొనుట మనవారికి క్రొత్తయా, రాజులు శాసనములు చెక్కించుకొనలేదా, అని ఒక యువమిత్రుడు నన్ను నిలదీసినాడు. చక్కగా అడిగినాడు. మన ఉదయగిరి దుర్గమునే తీసికొందము. కృష్ణదేవరాయలు గజపతులనుండి ఈ కొండను గెలుచుటకు సుమారు ఏడాదిన్నర ముట్టడి సాగించి, 1514లో వశపఱచుకొనెను. ఇక్కడి బాలకృష్ణుని విగ్రహమును విజయనగరమునకు గొనిపోయి, గుడి కట్టించి, 1515లో శాసనము వేయించెను. కొండ ఎక్కకముందే శాసనము చెక్కించినట్లు నేనెక్కడను చదువలేదు. సన్నదు పుచ్చుకొని సంవత్సరము నిండకమునుపే 'ప్రఖ్యాత న్యాయవాది' యని తన పేరుకు ముందు వ్రాసికొనువాడు రాయలవారిని సాక్షికి పిలువకుండుట మేలు.

అట్లని ప్రకటనయే పాపమని నేననను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము స్థాపించి, సంగీతసభలలో దానిని ఉచితముగ పంచి పేరు తెచ్చిరని పెద్దలు చెప్పుదురు. ఆ ధనముతోనే 1908లో ఆంధ్రపత్రిక వెలసినది. పంతులుగారు పొగడినది తమ మందును, తమ్ము గాదు. తలనొప్పి తగ్గినదో లేదో రాచుకొన్నవానికి గడియలో తెలియును. ఉదయగిరిలో కొయ్యచెంచాలు, గరిటెలు చెక్కు పనివారు నేటికిని కలరు. అందు స్త్రీలెందఱో. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. వారి చేతిపని ఎక్కడనో పట్టణపు అంగడిలో, చెక్కినవారి పేరైన లేక, అమ్ముడుపోవుచున్నది. టముకు కావలసినది వారికి! ఒక మంచి వెబ్‌సైటు, చెక్కిన మనుష్యుని పేరు, ధర, ఇవి వారికుండవలెను. చెంచాను కొనువాడు చేత పట్టి చూచి కొనును. వకీలు పనితనమును కక్షిదారు ఏ చేత పట్టి చూచును? తీర్పు వచ్చిన పిమ్మట సైతము, గెలిచినది వాదమా, సాక్ష్యమా, ఎదుటివాని అలసటయా, అతడు చెప్పజాలడు. అందుచేతనే మాకు కట్టడి, చెంచాకు లేదు.

ఇంకొక మాట. ఈ అంగడులు ఎవరివి? 2020 జూన్ 29వ తేదిని భారతప్రభుత్వము టిక్‌టాకును నిషేధించినది. దానిమీద సంవత్సరములుగా పేరు పెంచుకొన్నవారు మఱునాటి ఉదయమునకు అనామకులైరి. నిషేధము మంచిదా చెడ్డదా యన్నది నేటి ప్రసక్తి కాదు. పరుల నేలమీద కట్టిన ఇల్లు పరుల ఇచ్ఛపై నిలుచునని నేటి యువకులకు వకీలు చెప్పవలసివచ్చుటయే చిత్రము. అద్దెచట్టము చదివినవారు గదా!

ఇంతవఱకు వ్రాసి, నా వాదమునకు తగిలిన అసలు దెబ్బను దాచినచో నేను మోసగాడనగుదును. ఒక సాయంకాలము ఒక చిన్న వకీలమ్మ నాయొద్దకు వచ్చినది. ఆమె కుటుంబమున నల్లకోటు తొడిగిన మొదటి మనిషి ఆమెయే. యూట్యూబులో వరకట్నపు కేసులను గూర్చి రెండు ప్రసంగములు పెట్టినందుకు పెద్దలు ఆమెను మందలించిరి. నేనును మందలించితిని. ఆమె తల వంచుకొని విని, మెల్లగా, "సార్, మీ నాయనగారి బోర్డు మీదికి మీ పేరెక్కింది. నా పేరు ఎక్కడ ఎక్కించుకోమంటారు?" అన్నది.

నాయొద్ద జవాబు లేకపోయినది. నిజమే. నా తండ్రిగారి గుమాస్తా, నా తండ్రిగారి కక్షిదారులు, వారి కుమారులు, ఇదియే నా ప్రచారము. దానికి 36వ నియమము అడ్డురాలేదు. ఉగాదికి, సంక్రాంతికి, నాయకుని పుట్టినదినమునకు సెంటరులో కట్టు ఫ్లెక్సీలలో నల్లకోట్ల ఫొటోలెన్ని లేవు? టీకొట్టువద్ద కాచుకొని కక్షిదారును చేయి పట్టి తెచ్చి వాటా పుచ్చుకొను మధ్యవర్తి ఎవరికి పనిచేయుచున్నాడు? ఆ చిన్న వకీలమ్మకు కాదు. 2023లో చేసిన సవరణ చట్టము ఇట్టి దళారుల జాబితాలు తయారుచేయుటకు జడ్జీలకు అధికారమిచ్చి, శిక్షయు నిర్ణయించినది. 2024 సెప్టెంబరు 30నుండి అది అమలునకు వచ్చినది. టీకొట్టు దళారిని విడిచి వకీలమ్మ ఫోనును మాత్రము పట్టుకొను నియమపాలనను నేను సమర్థింపజాలను.

కావున నేను కోరునదిది. ప్రతి బారు తన సభ్యులందఱి పేర్లు, 2008 సడలింపు అనుమతించిన వివరములతో, అకారాదిక్రమమున నొక పుటలో వేసి, ఇంటర్నెట్టులోను, గ్రంథాలయములందును, బస్టాండులోను ఉంచవలెను. పెద్ద, చిన్న భేదముండరాదు. వారమునకొకరు చొప్పున చట్టమును తెలుగులో విప్పి చెప్పి, ఆ వీడియోను బారు పేరనే ప్రకటింపవలెను. చెప్పినవారి ఫోను నంబరు అందుండరాదు. 'మీ కాగితములతో ఏ వకీలునొద్దకైనను నేడే పొండు, అప్పీలు గడువు మించనీయకుడు' అను మాట తప్పక యుండవలెను. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, నిర్బంధములోనున్నవారికి ఆదాయముతో నిమిత్తము లేక ఉచితముగ వకీలును నియమించునట్లు 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము శాసించినదనియు, అందులకు 15100 అను నంబరున్నదనియు ప్రతి పుట అడుగున వేయవలెను. బేరము పోవునని కాబోలు, నేను చూచిన రీళ్ళలో ఒక్కటియు ఈ సంగతి నెత్తలేదు.

ఈ ప్రతిపాదనను ఒకచోట పెద్దలముందు పెట్టితిని. వీడియోల మాటకెవరును అడ్డు చెప్పలేదు. ఉచిత సహాయమునకు తలలూపిరి. పేర్లవద్ద మాత్రము తగవు పుట్టినది. అకారాది పనికిరాదట, సీనియారిటీ వరుసలో వేయవలెనట. రెండు సమావేశములు దానిమీదనే ముగిసినవి. మూడవదానికి నేను పోలేదు. ఆ చిన్న వకీలమ్మ తెల్లకాగితములమీద జాబితాను స్వహస్తముతో వ్రాసికొని వచ్చి, గ్రంథాలయాధికారిని అడిగి, పఠనమందిరపు నోటీసుబోర్డున అంటించినది. అకారాది వరుసయే. నా పేరు పదునాల్గవది.