కుక్కకూ షుగరు వస్తుంది. వదిలేయడం వైద్యం కాదు

ఇంట్లో మనిషికి షుగరు వచ్చిందంటే ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. అదే జబ్బు కుక్కకు వస్తే ముసలితనమని సరిపెట్టుకుంటారు. బందరు, గుడివాడ, దివిసీమ పల్లెల్లో పశువుల పాకకు, చేపల చెరువుకు రాత్రంతా కాపలా కాసేది కుక్కే. దాని జబ్బు మాత్రం ఎవరికీ పట్టదు.

గుర్తుపట్టడం కష్టం కాదు. కుక్క అదేపనిగా నీళ్లు తాగుతుంది. మాటిమాటికీ మూత్రం పోస్తుంది. తిండి బాగా తింటున్నా చిక్కిపోతుంది. మూత్రం పోసిన చోట చీమలు చేరితే అనుమానించవలసిందే. కొద్ది నెలల్లోనే కళ్లకు శుక్లాలు కమ్మి చూపు పోవచ్చు. వయసు మళ్లిన కుక్కలకు, అందులోనూ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు ముప్పు ఎక్కువ. ఎద తర్వాత ఒంట్లో పెరిగే హార్మోను ఇన్సులిన్ పనికి అడ్డు తగులుతుంది.

ఇంట్లో పెద్దవాళ్లు వేసుకునే షుగరు బిళ్లలు కుక్కకు వేయడం పొరపాటు. కుక్కల్లో సాధారణంగా ఇన్సులినే కరువవుతుంది గనుక ఇంజెక్షనే మార్గం. రక్తం, మూత్రం పరీక్షించి మోతాదు డాక్టరే నిర్ణయించాలి. మామూలుగా పన్నెండు గంటలకొకసారి, తిండి తిన్న తర్వాత ఇస్తారు. 40 యూనిట్ల సీసాకు 40 గుర్తుల సిరంజినే వాడాలి. 100 సిరంజి వాడితే మోతాదు తారుమారవుతుంది. మందు చల్లగా ఉండాలి కాని గడ్డకట్టకూడదు. తుపాను రోజుల్లో కరెంటు పోతే ఏం చేయాలో ముందే డాక్టరును అడిగి ఉంచుకోవాలి. బందరు లడ్డు, అరిసె ముక్కలు మానిపించి, రోజూ ఒకే వేళకు ఒకే కొలతలో తిండి పెట్టాలి. కుక్క తిండి మానేస్తే డాక్టరును అడగకుండా ఇంజెక్షన్ ఇవ్వరాదు. తూలినా, వణికినా చిగుళ్లకు తేనె గాని పంచదార నీళ్లు గాని రాసి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మనుషులకే మందులు దొరకని చోట కుక్కకు వైద్యమా అని కొందరంటారు. ఆ మందు కుక్కల వల్లే మనిషికి దక్కింది. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో ఒక కుక్కకు క్లోమగ్రంథి తీసివేయగా షుగరు జబ్బు వచ్చింది. జబ్బు మూలం అలా బయటపడింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కుక్కలపైనే ప్రయోగాలు చేశారు. 1922 జనవరిలో ఇన్సులిన్ ఒక పిల్లవాడికి ఎక్కించారు. ఈ రుణం చిన్నది కాదు.

ఖర్చు భరించలేని ఇల్లు ఉంటుంది. అది తప్పు కాదు. ఆ సంగతి డాక్టరుకు చెప్పి సలహా అడగాలి గాని, చూపు పోయిన కుక్కను కాలవగట్టున వదిలి రావడం న్యాయం కాదు.

గన్నవరంలో 1998లో నెలకొల్పిన పశువైద్య కళాశాల ఉంది. కాని నాగాయలంక, కోడూరు వైపు నుంచి జబ్బు కుక్కను అంతదూరం ఎవరు తీసుకుపోగలరు? మూత్రంలో చక్కెర చూసే కాగితపు పట్టీ ఖరీదు కొద్దిపాటిది. ప్రతి మండల పశువైద్యశాలలోనూ ఆ పట్టీలు ఉంచాలి. ఊళ్లలో ఆడకుక్కల ఆపరేషన్ శిబిరాలు జరపాలి. గేదెలతోపాటు కాపలా కుక్కనూ చూసే ఏర్పాటు చేయవలసిందిగా పశుసంవర్ధక శాఖ అధికారులను కోరుతున్నాం.