ఒక్క పుట, మీ ముద్రతో

ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ అధ్యక్షులకు, రాయపూర్.



ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నందుకు మన్నించండి. హిందీ ప్రతి విడిగా మీ కార్యాలయానికి చేరుతుంది. ముందు తెలుగులో రాయడానికి కారణం, ఇందులో మావాళ్లకు తగలాల్సిన మాటలూ ఉండటమే. 1931లో విజయనగరం–రాయపూర్ రైలుమార్గం పూర్తయ్యాక, ఆ తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారం లేచాక తెలుగువాళ్లం బతుకుతెరువు వెతుక్కుంటూ ఇటు వచ్చాం. ఇప్పుడు బస్తర్ వాళ్లు అదే పని మీద మా వైపు వెళ్తున్నారు.

అలా వెళ్లినవాళ్లలో బీజాపూర్ జిల్లా పిల్ల ఒకతె. పన్నెండేళ్లు. ములుగు జిల్లా పేరూరులో మిరప చేల పనికి వెళ్లింది. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వల్ల పని ఆగిపోతే, తోటి కూలీలతో కలిసి అడవి దారిన మూడు రోజులు నడిచి, ఊరు దగ్గర పడ్డాక చనిపోయింది. పత్రికలు ఆ నడక గురించి చాలా రాశాయి. నాకు మాత్రం అంతకు ముందరి నెలల మీదికే మనసు పోతుంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ ఉచితంగా చదువు చెప్పాలన్న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. అంటే సరిగ్గా ఆ నెలకే దానికి పదేళ్లు నిండాయి. బడి నడిచే రోజుల్లో పన్నెండేళ్ల పిల్ల చేలో ఎందుకుందన్న ప్రశ్న, ఆమె పోయాక గానీ పైకి రాలేదు. ఆ చేలు మావి. హక్కుల గురించి చెప్పినంత మాత్రాన ఇంట్లో గింజలు నిండవని నాకూ తెలుసు. అయినా చదువు తన హక్కన్న సంగతి ఎవరైనా, ఎప్పుడైనా, ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పారా అన్నది మిమ్మల్ని అడగాల్సిన ప్రశ్నే.

మిమ్మల్నే ఎందుకంటే, 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం మీకు ఫిర్యాదుల విచారణ ఒక్కటే అప్పగించలేదు. సమాజంలోని వివిధ వర్గాలకు హక్కుల గురించి తెలియజెప్పే పనిని కూడా 12వ సెక్షన్‌లో చేర్చింది. బాలల హక్కుల ఒడంబడికలో మన దేశం 1992 డిసెంబరులో చేరింది. ఆ హక్కుల్ని పెద్దలతో పాటు పిల్లలకూ తెలియజేయాలని దాని 42వ అధికరణం చెబుతుంది.

మన దేశంలో ఈ పని సాధారణంగా డిసెంబరు 10న, మానవ హక్కుల దినం నాడు జరుగుతుంది. బ్యానరు కడతారు, వ్యాసరచన పోటీ పెడతారు, చక్కటి దస్తూరీ ఉన్న పిల్లకు జ్ఞాపిక ఇస్తారు. ఆ పిల్లకు హక్కులు ఇంట్లోనే సగం తెలిసి ఉంటాయి. రాయపూర్‌లోని గుఢియారీ బస్తీల్లోంచి సర్కారు బడికి నడిచే పిల్లకూ, దక్షిణాన బస్తర్ ఆశ్రమశాలలో పడుకునే పిల్లకూ ఆ పోటీ కబురే అందదు.

ఆ పిల్లలకూ అందేది ఒకటి కావాలి. అలాగని కొత్త పుస్తకం వేయమని అడగను. పుస్తకాలంటే ఈ ఊళ్లో కాస్త భయంగా ఉంది లెండి: 2024 సెప్టెంబరులో, పిల్లలకు చేరాల్సిన ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు రాయపూర్ జిల్లాలోని కాగితపు మిల్లులో తుక్కుగా తేలాయి, ప్రభుత్వం విచారణ వేయాల్సి వచ్చింది. నేను కోరేది ఒక్క పుట. పదో తరగతి దాకా ఉచితంగా పంచే పుస్తకాల్లోనే, అట్ట తిప్పగానే కనిపించేలా, పైన మీ కమిషన్ ముద్రతో. ఛత్తీస్‌గఢీ, హల్బీ, గోండీ, కోంటా వైపు దోర్లీ, తెలుగు, ఎక్కడ ఏది ఇంటి భాష అయితే అది.

అందులో ఏముండాలి? నిన్ను కొట్టే, అవమానించే అధికారం ఏ మాస్టారికీ లేదు. వయసు కాగితం లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. ఎనిమిదో తరగతి ముగిసేదాకా పేరు కొట్టేయకూడదు. బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు మీ అమ్మానాన్నల్లాంటి వాళ్లే ఉండాలి. ఆపద వస్తే 1098కి ఫోన్ చెయ్యి. అంతే. పరీక్షలో దీని మీద ప్రశ్న మాత్రం వద్దు. మార్కులొస్తే ఇదీ బట్టీ పాఠమైపోతుంది.

ఆ ఐదింటిలో చివరిదైన 1098 వాక్యం ఎందుకు ముఖ్యమో మీకు వేరే చెప్పనక్కర్లేదు. కాంకేర్ జిల్లా ఝలియామారి కన్యాశ్రమంలో చిన్నపిల్లల మీద జరిగిన అత్యాచారాలు 2013 జనవరిలో బయటపడ్డాయి. కాపాడాల్సిన చోటే అపాయం ఉన్నప్పుడు, హెడ్మాస్టరుకు చెప్పు, వార్డెన్‌కు చెప్పు అని నేర్పితే ఏం లాభం? బడి గేటు దాటి వెళ్లే దారి ఒకటి పిల్లకు తెలియాలి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం బిడ్డే స్వయంగా ఫిర్యాదు చేయవచ్చు. ఆ బిడ్డకు భాష అర్థం కాకపోతే దుబాసీని కూడా పెట్టాలి. ఘోరం జరిగాక దుబాసీని ఇచ్చే రాజ్యం, జరగకముందు ఆ భాషలోనే ఐదు వాక్యాలు అచ్చు వేయలేదా?

మరి ముద్ర మీదే ఎందుకు కావాలి? మావోయిస్టులకు వ్యతిరేకంగా సాగిన సల్వాజుడుం కాలం నుంచి బస్తర్‌లో బడులు నలిగిపోయాయి. మావోయిస్టులు భవనాలు పేల్చారు, భద్రతా బలగాలు తరగతి గదుల్లో మకాం వేశాయి. బలగాలను బడుల నుంచి ఖాళీ చేయించమని సుప్రీంకోర్టే చెప్పింది. సల్వాజుడుంపై 2011 జులై 5న తీర్పు ఇచ్చిన ఇద్దరిలో ఒకరు మా తెలుగువారు, జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. అలాంటి చోట హక్కులన్న మాట ఎత్తిన మాస్టారిని ఇరుపక్కలా అనుమానంగా చూస్తారు. పుట మీద కమిషన్ పేరుంటే, ‘సర్కారు పుస్తకంలో ఉన్నదే చెప్పాను’ అనగలడు. స్వచ్ఛంద సంస్థలు ఆ రక్షణ ఇవ్వలేవు.

అయితే ఆ పుట పిల్లలకు చేరేముందు మాస్టార్లను కూర్చోబెట్టి వివరించాలి. మధురైలో పీపుల్స్ వాచ్ సంస్థ 1997లో తమిళనాడు బడుల్లో హక్కుల పాఠాలు మొదలుపెట్టి, తర్వాత ఇతర రాష్ట్రాలకూ తీసుకెళ్లింది. విద్యా పరిశోధకురాలు మోనిషా బజాజ్ దాన్ని పరిశీలించి 2012లో పుస్తకం రాశారు. పాఠం చెబుతూ చెబుతూ బెత్తం పక్కన పెట్టిన ఉపాధ్యాయులూ, నేర్చుకున్నది ఊళ్లో అడగబోయి ఎదురుదెబ్బలు తిన్న పిల్లలూ అందులో కనిపిస్తారు. రెండోది మరిచిపోకూడదు. పిల్ల నోరు తెరిచిన మర్నాడు ఆమె పక్కన నిలబడే మనిషి ఉండాలి. నవా రాయపూర్‌లో హిదాయతుల్లా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి విద్యార్థుల్ని నెలకోసారి బస్తీ బడులకు పంపమని మీరు అడిగితే కాదంటారని అనుకోను.

వచ్చే విద్యాసంవత్సరం పుస్తకాలు అచ్చుకు వెళ్లేలోపు పాఠాలు రాయించే ఎస్‌సీఈఆర్‌టీ వాళ్లనూ వాటిని అచ్చు వేయించే పాఠ్యపుస్తక నిగమ్ వాళ్లనూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ఈ లేఖ నకళ్లు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మానవ హక్కుల కమిషన్లకు కూడా పంపుతున్నాను. మీరు గోండీలో అచ్చు వేసే పుటను వాళ్లు మిరప కోతలకు ముందే పేరూరు లాంటి ఊళ్లలో, కూలీల గుడిసెల దగ్గర, పంచాయతీ గోడల మీద అంటించవచ్చు. చేను గలవాళ్ల కోసం కింద తెలుగులో కూడా రాయించమనండి.

ఇట్లు,
రాయపూర్‌లో ఉంటున్న ఒక తెలుగు రచయిత